పండగ పార్సిల్ విదేశానికి: బెజవాడ, గుంటూరు కొరియర్ సర్వీసులు ఎలా ఉన్నాయి?

వినాయక చవితి దగ్గర్నుంచి సంక్రాంతి దాకా విజయవాడ గవర్నర్‌పేటలో, బెంజిసర్కిల్ దగ్గర, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో కొరియర్ కౌంటర్ల ముందు ఎక్కడ చూసినా అట్టపెట్టెలే. బయటి దేశాల్లో చదువుకుంటున్న పిల్లలకి ఇంటినుంచి వెళ్లే అరిసెలు, పచ్చళ్లు, దుర్గమ్మ కుంకుమ, మంగళగిరి లంగావోణీలు. బోర్డుల మీద అందరూ రాసేది ఒకటే: పికప్ ఫ్రీ, ప్యాకింగ్ ఫ్రీ, వారంలో డెలివరీ. నాలుగు చోట్ల కిలో రేటు అడిగి తక్కువ చెప్పినవాడికి ఇచ్చి వచ్చేవాళ్లే ఎక్కువ. పండగ పార్సిల్ విషయంలో అది పొరపాటు. పెట్టె తెరిచి, ఒక్కొక్క పొట్లం బయటికి తీసి, "ఇది ఏ దేశానికండీ? ఇందులో పాలతో చేసినవి ఉన్నాయా అమ్మా?" అని అడిగి, వెళ్లనిదాన్ని అక్కడే పక్కన పెట్టే మనిషి కౌంటర్లో ఉంటేనే అది మంచి సర్వీసు. "ఏదైనా వెళ్తుంది, మేం చూసుకుంటాం" అన్నచోట పార్సిల్ ఇవ్వొద్దు.

ఎందుకంటే పండగ సామానులోనే చిక్కులన్నీ ఉన్నాయి. పూజ సామాను కొన్నప్పుడు కర్పూరం డబ్బా తప్పకుండా వస్తుంది. కర్పూరం తేలిగ్గా మండే పదార్థం కాబట్టి విమాన సరుకులో ప్రమాదకర వస్తువుల లెక్కలోకి వస్తుంది. అగ్గిపెట్టె, కాకరపువ్వొత్తుల సంగతి చెప్పక్కర్లేదు. వినాయక చవితి పత్రి అసలే పంపకూడదు. అందులో మారేడు నిమ్మ కుటుంబానిది, కరివేపాకూ అంతే. నిమ్మ, నారింజ తోటలకు తెగులు వస్తుందని అమెరికా వాటి పచ్చి ఆకుల్ని రానివ్వదు. చాలామందికి తట్టనిది అక్షింతలు. పసుపు కలిపినా అవి బియ్యమే. నిల్వ ధాన్యాన్ని తినేసే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి వ్యక్తిగతంగా వచ్చే బియ్యాన్ని అమెరికా ఆపేస్తుంది. ఆస్ట్రేలియా ఇంకా గట్టిది: బియ్యం, శనగలు, పెసలు, వేరుశనగ, జీలకర్ర, ధనియాలు, ఆఖరికి గుంటూరు ఎండుమిర్చి కూడా పోస్టులో గానీ ప్రయాణికుడి పెట్టెలో గానీ రానివ్వదు. వాయనం శనగలు, గుడి అక్షింతలు ఒక చిన్న కవర్లో పెట్టినా పెట్టె మొత్తం ఆగిపోవచ్చు. యూకేకి, యూరప్ దేశాలకి పాలకోవా, కలాకంద్, జున్ను లాంటివి వద్దు. కుంకుమ, పసుపు విడి పొట్లాల్లో పంపితే స్కానింగ్‌లో తెలియని పొడిగా కనిపిస్తాయి. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బాలో పోసి, పైన ఇంగ్లీషులో పేరు రాసిన చీటీ అంటించాలి.

మన ఊళ్లలో ఈ పని చేసేవాళ్లు మూడు రకాలు. పెద్ద అంతర్జాతీయ కంపెనీల సొంత కౌంటర్లు ఖరీదు, తినుబండారాలంటే కాస్త వెనకాడతారు, కానీ ఏది వెళ్తుందో ఏది వెళ్లదో మొహం మీదే చెప్తారు. చీరలు, కొండపల్లి బొమ్మలు ఉంటే అక్కడే మేలు. రెండోది ఏజెంట్లు. వీధివీధికీ కనిపించే బోర్డులు వీళ్లవే. వీళ్లు పెట్టెలు పోగుచేసి, రోడ్డు మీద హైదరాబాదు చేర్చి, అక్కడ వేరే కంపెనీ విమాన సర్వీసులో ఎక్కిస్తారు. అందులో తప్పేం లేదు, రేటు తగ్గేది అందువల్లే. కాకపోతే వాళ్లు ఇచ్చే మొదటి నంబరు వాళ్ల సొంత రశీదు నంబరు మాత్రమే. విమానం ఎక్కించే కంపెనీ ఏది, దాని ట్రాకింగ్ నంబరు ఎన్నాళ్లలో ఇస్తారు అని ముందే అడిగి రశీదు మీద రాయించుకోవాలి. అది రాయడానికి ఇష్టపడని ఏజెంటుతో పెట్టె పోతే వెతుక్కునే దారి లేదు. మూడోది స్వీటు, పచ్చళ్ల షాపులే విదేశాలకి పంపడం. ప్యాకింగ్‌లో వీళ్లే ముందున్నారు. ఇంటి వంటలు తీసుకోరు, తీసుకున్నా అయిష్టంగానే.

ప్యాకింగ్ గురించి కాస్త విడమరచి చెప్పాలి, సగం పార్సిళ్లు పాడయ్యేది ఇక్కడే. వ్యాక్యూమ్ ప్యాకింగ్ అంటే అన్నిటికీ మంచిదే అనుకుంటారు. పచ్చళ్లకి, పొడులకి అది బాగుంటుంది. జంతికలు, చెక్కలు, చేగోడీలు పెట్టి గాలి లాగితే అక్కడికి చేరేది నూకే. వాటికి కవర్లో గాలి ఉంచి సీల్ వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో కదలకుండా సర్దాలి. పచ్చడి కవరు కారడానికి కారణం చాలాసార్లు కవరు నాణ్యత కాదు, అంచు. పచ్చడి పోసేటప్పుడు కవరు మూతి లోపలివైపు నూనె అంటుతుంది, నూనె ఉన్నచోట వేడి సీల్ అతకదు. అప్పటికి అతికినట్టే కనిపించి, పెట్టెల బరువు మీద పడగానే విడిపోతుంది. కవరు మూడొంతులే నింపి, అంచు పొడి గుడ్డతో తుడిచి, అరంగుళం ఎడంతో రెండు సీళ్లు వేసి, దాన్ని తలకిందులుగా మరో కవర్లో పెట్టి మళ్లీ సీల్ వేస్తే కారదు. కౌంటర్లో కుర్రాడు అంచు తుడుస్తున్నాడా లేదా చూడండి, ఆ షాపు పనితనం అక్కడే తెలుస్తుంది. కొత్తగా కలిపిన పచ్చడి అసలు ఇవ్వకండి. ఊట ఊరుతూ ఉంటే గాలి పుట్టి కవరు ఉబ్బుతుంది.

అరిసెలు తడిపిండితో చేసేవి. నూనె బాగా వత్తి, పూర్తిగా చల్లారాక, ఒక పూట కాగితం మీద ఆరబెట్టి అప్పుడు కవర్లో పెట్టాలి. వేడి మీద సీల్ వేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బొబ్బట్లు ఈ ప్రయాణానికి పనికిరావు. పూతరేకులు పంపితే నలిగి పొడి అయ్యే చేరతాయి, అంత ఖర్చు పెట్టడం దండగ. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి కర్రతో చేసి, చేతులూ తలలూ మక్కుతో (చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద) అతికినవి. ఆ అతుకుల దగ్గరే విరుగుతాయి కాబట్టి ఒక్కో బొమ్మకి విడిగా బబుల్ షీటు చుట్టి, తినేవాటితో కలపకుండా వేరే డబ్బాలో పెట్టించాలి.

బరువు లెక్కలో మోసం అనుకునేది చాలాసార్లు మోసం కాదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అలా వచ్చిన అంకె, తూకం బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 50, 40, 40 సెంటీమీటర్ల పెట్టె లోపల 10 కిలోలే ఉన్నా 16 కిలోలకి కట్టాలి. జంతికల డబ్బాలు చోటు తింటాయి. వాటి సందుల్లో పచ్చడి కవర్లు, మడిచిన బట్టలు సర్ది చిన్న పెట్టె కట్టే ప్యాకర్ దొరికితే కిలో రేటు కొంచెం ఎక్కువైనా మొత్తం మీద తక్కువే పడుతుంది. కందిపప్పు, బెల్లం, చింతపండు మాత్రం పెట్టొద్దు. అవి అక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, మన రవాణా ఖర్చుతో పోలిస్తే చవక కూడా.

కాగితాల దగ్గర పంపేవాళ్ల ఆధార్ లాంటి గుర్తింపు కార్డు కాపీ కావాలి. వస్తువుల పట్టీలో "ఫుడ్ ఐటమ్స్" అని ఒక్క ముక్క రాసి ఊరుకునే చోట ఒప్పుకోకండి. ఏ వంట, ఎన్ని గ్రాములు, విలువ ఎంత అని విడివిడిగా రాయించండి. బహుమతిగా పంపేవాటికి యూకేలో 39 పౌండ్లు, యూరోపియన్ యూనియన్‌లో 45 యూరోలు, కెనడాలో 60 డాలర్ల విలువ దాకా పన్ను ఉండదు. అమెరికాకి 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న పాత మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. "ఎంత విలువైనా అమెరికాకి ఏమీ పడదండీ" అని ఇప్పటికీ చెప్పే ఏజెంటుకి కొత్త నిబంధనలు తెలియవన్నమాట. ఇంకొకటి: ఇంట్లో వండి సొంత మనిషికి బహుమతిగా పంపే తిండికి అమెరికా ఎఫ్‌డీఏకి (అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) సరుకు వస్తోందని ముందస్తు నోటీసు ఇవ్వక్కర్లేదు, షాపులో కొన్నదానికి కావాలి. అందుకే ఇంటివీ షాపువీ ఒకే పెట్టెలో కలపకపోవడం మంచిది.

వారంలో డెలివరీ అన్న మాట పండగ సీజన్లో నమ్మి లెక్క వేసుకోకండి, మూడు వారాలు ముందు ఇవ్వండి. అక్కడ యూనివర్సిటీల్లో మన పిల్లలు కలిసి చేసుకునే దీపావళి, ఉగాది చాలాచోట్ల హాలు దొరికే శనివారానికి మారతాయి. తిథి కూడా అమెరికా సమయం ప్రకారం మనకంటే ఒకరోజు ముందే పడొచ్చు. కాబట్టి పెట్టె చేరాల్సింది మన క్యాలెండర్లో పండగ నాటికి కాదు, వాళ్ల కార్యక్రమం ముందు గురువారానికి. చాలా హాస్టళ్లలో పార్సిల్ గదికి శని, ఆదివారాలు తాళమే. గదుల్లో దీపాలు, అగరొత్తులు వెలిగించనివ్వని హాస్టళ్లూ ఎక్కువే, అవి పెట్టేముందు పిల్లల్ని అడగండి.

చిరునామాలో పిల్లల పేరు యూనివర్సిటీ రికార్డులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయించాలి. ఫోను, ఈమెయిలు వాళ్లవే ఇవ్వాలి. ఏజెంట్లు అలవాటుగా ఇక్కడి నంబరే రెండు చోట్లా కొట్టేస్తారు. కస్టమ్స్ ఏదైనా వివరం అడిగితే ఆ కబురు పార్సిల్ అందుకునేవాళ్లకే వెళ్తుంది, చెప్పిన గడువులోగా జవాబు రాకపోతే పెట్టె వెనక్కి తిప్పడమో పారేయడమో జరుగుతుంది. రశీదు చేతికి రాగానే ఫోను, ఈమెయిలు గడులు చదివి చూసుకుని, తప్పుంటే పెట్టె హైదరాబాదు బండి ఎక్కకముందే దిద్దించండి.