జాగ్రత్త: "కుకీలు ఆటోమేటిక్" అని అమ్మే రెడీమేడ్ షాపింగ్ సైట్లు

శ్రీకాకుళం, విజయనగరం వైపు కొట్లకు ఆన్‌లైన్ సైట్ పెట్టిస్తున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. కుకీ అంటే వచ్చినవాళ్లని గుర్తుపట్టడానికి సైట్ వాళ్ల బ్రౌజర్‌లో దాచే చిన్న చీటీ. కాశీబుగ్గలో మా మావయ్య జీడిపప్పు కొట్టు కోసం నోడ్ జేఎస్, ఎక్స్‌ప్రెస్ (జావాస్క్రిప్ట్‌తో సైట్ సర్వర్ నడిపే సాధనాలు) మీద రాసిన రెడీమేడ్ కోడ్ ఒకటి 18,000 పెట్టి కొన్నాం. అమ్మినవాడి పేరు రాయను, ఇలాంటి సరుకు అమ్మేది వాడొక్కడే కాదు. "కుకీల సంగతి మీరు పట్టించుకోనక్కర్లేదు సార్, సైట్ మొత్తానికి అవే సెట్ అయిపోతాయి" అని గొప్పగా చెప్పాడు. సెట్ అయిపోతున్నాయి, నిజమే. ఎవరివి ఎవరికి అన్నదే గొడవ.

సంక్రాంతి ముందు ఆర్డర్లు జోరుగా వస్తుంటే టెక్కలి నుంచి ఒకావిడ ఫోన్. "ఏటండీ ఇది, నేను లాగినే అవనేదు, ఎవరిదో బొబ్బిలి ఎడ్రస్ కనిపిస్తంది" అంది. చూస్తే బొబ్బిలాయన కార్టులో పెట్టుకున్న రెండు కేజీల జీడిగుళ్లకి ఈవిడ వేసుకున్న అరకేజీ జీడిబద్ద కూడా కలిసిపోయి ఉంది. ఆయన ఫోన్ నంబరు, ఇంటి నంబరు అన్నీ ఆవిడకి కనిపిస్తున్నాయి. మావయ్యకి ఒకటే టెన్షన్.

కోడ్ తెరిచి చూస్తే, స్టాటిక్ ఫైళ్ల (బొమ్మల్లాంటి మారని ఫైళ్లు) లైను కంటే ముందే ఎక్స్‌ప్రెస్-సెషన్‌ని (ఎవరి లాగిన్, కార్టు ఎవరిదో గుర్తుపెట్టుకునే ప్యాకేజీ) యాప్.యూజ్‌తో సైట్ మొత్తానికీ తగిలించేసి, అందులో సేవ్‌అన్‌ఇనిషియలైజ్డ్ అనేది ట్రూ పెట్టాడు. అంటే లాగిన్ అవకపోయినా, కార్టులో ఏమీ వేయకపోయినా, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ, ఆఖరికి గూగుల్ బాట్‌కి కూడా, కనెక్ట్.ఎస్ఐడీ అని ఒక కుకీ అంటగడుతుంది. లాగిన్ సెషన్లకి ఫాల్స్ పెట్టుకుంటే మేలని ఆ ప్యాకేజీతో వచ్చే రీడ్‌మీ నోట్‌లోనే రాసి ఉంది, చదివితే కదా. అక్కడితో ఆగినా బాగుండేది. సెట్-కుకీ హెడర్ (కుకీ పెట్టుకోమని బ్రౌజర్‌కి చెప్పే లైను) ఉన్న జవాబును ఇంజినెక్స్ (సైట్ ముందు ఉండి పేజీలు అందించే సర్వర్) మామూలుగా కాష్ చేయదు, అంటే తర్వాతివాళ్లకి ఇవ్వడానికి కాపీ దాచుకోదు, అది మన మంచికే. కొత్తవాళ్లకి వెళ్లే జవాబులన్నిటిలోనూ అదే హెడర్ ఉండటంతో కాష్ సరిగా పనిచేయక సైట్ నెమ్మదించి ఉంటుంది, దాంతో ఆ హెడర్‌ని లెక్కచేయొద్దని ఇంజినెక్స్ సెట్టింగుల్లో ప్రాక్సీ_ఇగ్నోర్_హెడర్స్ లైను ఒకటి పడేశాడు. ఇక మొదట వచ్చినవాడి పేజీ వాడి కుకీతో సహా కాష్‌లో కూర్చుంది, తర్వాత వచ్చిన కొత్తవాళ్లకి అదే అందింది. లాడ్జిలో మొదట దిగినవాడి గది తాళమే అందరికీ ఇచ్చినట్టు. కనీసం లాగిన్ అయినప్పుడు సెషన్ ఐడీని (కుకీలో ఉండే గుర్తు) రీజెనరేట్ చేసినా, అంటే కొత్తది ఇచ్చినా, బొబ్బిలాయన వివరాలు బయటపడేవి కావు, అదీ లేదు.

ఇవి కాక సెషన్లన్నీ మెమరీస్టోర్‌లోనే (సర్వర్ మెమరీలోనే ఉంచే పద్ధతి), అది ప్రొడక్షన్‌కి, అంటే నిజంగా నడిచే సైట్‌కి, పనికిరాదని ప్రొడక్షన్ మోడ్‌లో స్టార్ట్ అయ్యేటప్పుడు ఎక్స్‌ప్రెస్-సెషనే వార్నింగ్ ఇస్తుంది. సర్వర్ రీస్టార్ట్ చేస్తే అందరి లాగిన్లూ పోతాయి. కుకీకి సెక్యూర్ ఫ్లాగ్ (హెచ్‌టీటీపీఎస్ మీదే పంపమనే గుర్తు) కూడా పెట్టలేదు.

కొనేముందు డెమో సైట్‌ని ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి, ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూడండి. ఏమీ నొక్కకుండానే హోమ్ పేజీకి సెట్-కుకీ వస్తుంటే ఎందుకో అడగండి. ఆ తర్వాత రెండు వేర్వేరు ఫోన్లలో, ఒకటి వైఫై మీద ఒకటి మొబైల్ డేటా మీద పెట్టి, అదే సైట్ తెరిచి కుకీ విలువలు పోల్చండి. రెండింట్లోనూ ఒకే విలువ ఉంటే ఇంక మాట్లాడక్కర్లేదు, లేచి వచ్చేయండి. డెమో సర్వర్‌కీ చూసేవాళ్లకీ మధ్య కాష్ లేకపోతే ఇది బయటపడదు కాబట్టి, అసలు సర్వర్ మీద పెట్టాక మళ్లీ చూస్తామని, అప్పటిదాకా సగం డబ్బు ఆపుతామని ముందే చెప్పుకోండి. పేమెంట్ గేట్‌వే నుంచి వెనక్కి వచ్చాక లాగిన్ ఉంటోందా పోతోందా అన్నది కూడా ఒక చిన్న ఆర్డర్ వేసి చూడాలి. గేట్‌వే పోస్ట్ పద్ధతిలో వెనక్కి పంపితే సేమ్‌సైట్ ల్యాక్స్ కుకీ (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్టులతో వెళ్లడానికి పరిమితి ఉన్న కుకీ) దాంతోపాటు రాదు, చాలా సైట్లలో డబ్బు కట్టాక కస్టమర్ లాగౌట్ అయిపోయేది అందుకే.

అమ్మినవాడికి చెబితే "మా డెమోలో బాగానే ఉంది, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) తీసుకుంటే చూస్తాం" అన్నాడు. మేం ఆ కాష్ లైను తీసేసి, సెషన్లు రెడిస్‌లోకి (విడిగా నడిచే డేటా స్టోర్) మార్చి, సెషన్ మిడిల్‌వేర్‌ని (ప్రతి రిక్వెస్టుకీ ముందు నడిచే ఆ ఎక్స్‌ప్రెస్-సెషన్ కోడ్) కార్టుకీ లాగిన్‌కీ మాత్రమే తగిలించుకున్నాం. రీఫండ్ అడిగాం, ప్రస్తుతానికి ఫోన్ ఎత్తడం లేదు.