క్రియాపదం వినపడేదాకా: ఒక వేసవి నాటక శిబిరంపై సమీక్ష

హైదరాబాద్‌లో ఒక నాటక బృందం 12 నుంచి 17 ఏళ్ల పిల్లల కోసం మే నెలలో నడిపే శిబిరం ఇది. 21 రోజులు, ఉదయం 7:30 నుంచి 10 దాకా. ఫీజు 4,500 రూపాయలు. 24 మందికి మించి చేర్చుకోరు, నేర్పేవాళ్లు ఇద్దరు. ఆఖరి రోజు 40 నిమిషాల నాటిక వేయిస్తారు. మొదటి రెండు వారాల శిక్షణ ఎంత బాగుంటుందంటే, ఆ నాటిక లేకపోయినా ఇచ్చిన డబ్బుకు లోటుండదు. చిక్కంతా చివరి వారంలోనే.

మొదటి నాలుగు రోజులు స్క్రిప్టు ముట్టుకోనివ్వరు. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద పుస్తకం పెడతారు. గాలి పీల్చినప్పుడు పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. తర్వాత పళ్ల సందుల్లోంచి గాలిని సన్నగా వదలాలి, మొదట 10 లెక్కపెట్టేంతసేపు, వారం తిరిగేసరికి 20.

ఇదంతా ఎందుకో అయిదో రోజున తెలుస్తుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. బెదురుగా మాట్లాడే పిల్లలకు సరిగ్గా అక్కడికొచ్చేసరికే ఊపిరి అయిపోతుంది. ‘రేపు మీ ఇంటికి నేను’ వరకు వినిపిస్తుంది, వస్తానన్నారో రానన్నారో తెలియదు. ‘గట్టిగా మాట్లాడు’ అని గదిమితే మొదటి రెండు మాటలు అరిచి, చివరి మాటను ఇంకా తొందరగా మింగేస్తారు. ఇక్కడ ఆ మాట అనరు. వాక్యానికి ముందు నిండా గాలి తీసుకోమంటారు. హాలు చివరి గోడ దగ్గర ఒకరిని నిలబెట్టి, క్రియ చెవిన పడితేనే చెయ్యెత్తమంటారు. మూడు నాలుగు సార్లకు ఆ చెయ్యి లేస్తుంది. క్లాసులో జవాబు సగంలో ఆగిపోయే పిల్లలకు అంతకంటే కావలసిందేముంది!

రెండో వారమంతా వినడం మీదే. అద్దం ఆటలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు, ఒకరు కదిలినట్టే రెండోవారు కదలాలి. ఎదుటివారిని తికమక పెట్టాలని వేగం పెంచితే ఆట చెడినట్టే. అందుకోగలిగేలా కదలడం ముందు నడిపేవారి బాధ్యత. ఆ తర్వాత మాటల ఆట. ఎదుటివారి ఆఖరి మాటతోనే మన డైలాగ్ మొదలవ్వాలి. ‘నేను వెళ్లిపోతున్నా.’ ‘వెళ్లిపోతున్నావా? మరి బియ్యం ఎవరు తెస్తారు?’ జవాబు ముందే మనసులో కట్టుకున్నవారు ఇక్కడ ఆగిపోతారు. బిడియస్తులకంటే వాగుడుకాయలకే ఈ ఆట ఎక్కువ మేలు చేస్తుంది. పక్కవారు ముగించేదాకా ఆగడం వాళ్లకు అలవాటవుతుంది.

ఈ శిబిరంలో అన్నిటికంటే మెచ్చుకోవలసింది తెరవెనక బల్ల. ప్రాపర్టీల, అంటే నాటకంలో వాడే వస్తువుల బల్ల మీద తెల్ల కాగితం పరిచి, ఒక్కో వస్తువు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి లోపల పేరు రాస్తారు: చెంబు, కళ్లజోడు, ఉత్తరం. ఏ గీత ఖాళీగా ఉందో చూస్తే ఏ వస్తువు లేదో తెలిసిపోతుంది. రోజుకొకరు ఆ బల్లకు బాధ్యులు. ఉత్తరం వేదిక మీదికి చేరకపోతే రెండో రంగం అక్కడే నిలిచిపోతుంది, ఎవరూ తిట్టనక్కర్లేదు. 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు ఇలాగే, తెరవెనక పనులు చేస్తూ వేషాల్లోకి వచ్చారు. సొంత గది సర్దుకోని పిల్లలు కూడా ఆ బల్లను రెండుసార్లు సరిచూసుకుంటారు.

15వ రోజు నుంచి అంతా తారుమారవుతుంది. ప్రదర్శన దగ్గర పడుతోందని దర్శకుడు ప్రతి డైలాగూ తానే పలికి ‘ఇలా అను’ అంటారు. మూడు రోజుల్లో అందరి గొంతులోనూ ఒకే యాస. పెద్ద పాత్రలు మొదటి వారంలోనే చురుగ్గా కనిపించిన నలుగురికి పోతాయి, మిగతావాళ్లు గుంపులో నిలబడతారు. దానికి తోడు వేలాడే మైకులు మూడు. పిల్లలు ఎదుటి పాత్రను వదిలేసి మైకు కిందకు పోయి జనం వైపు తిరిగి మాట్లాడతారు. రెండో వారమంతా నేర్పిన వినడం అక్కడితో సరి. 24 మంది పిల్లలకు ఇది చిన్న నష్టం కాదు.

సరిచేయడం కష్టమేమీ కాదు. నాటికను 20 నిమిషాలకు కుదించాలి. ప్రధాన పాత్రను రంగానికొకరు వేయాలి. ఆ పాత్ర వేసేవారి మధ్య ఒకే కండువా చేతులు మారితే, పాత్ర ఇప్పుడు ఎవరిదో చూసేవారికి గుర్తు దొరుకుతుంది. చిన్న హాలు తీసుకుని మైకులు తీసేయాలి. డైలాగ్ ఎలా అనాలో చూపించకుండా, ‘ఈ మాటతో ఎదుటివారి నుంచి నీకేం కావాలి?’ అని అడగాలి.

డబ్బు కట్టేముందు పాత్రలు ఎలా పంచుతారో, మైకులు పెడతారో లేదో అడగండి. పిల్లలకు వదులైన నూలు బట్టలు వేయండి, కడుపు నిండా టిఫిన్ పెట్టి పంపితే ఊపిరి కసరత్తు సాగదు. 10వ రోజున తల్లిదండ్రులను లోపల కూర్చోనిస్తారు. ఆఖరి రోజు ప్రదర్శనకు సెలవు దొరక్కపోయినా ఈ 10వ రోజు మాత్రం వెళ్లి, గోడ దగ్గర నిలబడి వినండి.