కార్బన్ ఆడిట్ సర్వీసు: బిల్లులున్నంత వరకు బాగానే లెక్కపెట్టారు

విజయనగరం జిల్లాలో మా యూనివర్సిటీకి కార్బన్ ఫుట్‌ప్రింట్ (అంటే మా వల్ల గాల్లోకి ఎంత కార్బన్ డయాక్సైడ్, అలాంటి వాయువులు వెళ్తున్నాయో) లెక్కకట్టిన కన్సల్టెన్సీ గురించి ఇది. పేరు రాయను, న్యాక్ (కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైలు కోసం ఇలాంటి రిపోర్టులు చేసిచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. 5కి రెండున్నర.

ముందు మంచి చెప్తా. కరెంటు బిల్లులు నెలనెలా తీసి చూశారు, యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారమే వేశారు. డీజిల్‌కి లీటరుకు దాదాపు 2.7 కిలోలు. జనరేటర్ లాగ్‌బుక్‌లో తుపాను రోజులు ఖాళీగా ఉంటే స్టోర్ వాళ్లని పట్టుకుని డీజిల్ రసీదులు బయటికి తీయించారు, మా ఆఫీసులో కాగితం బయటికి రావడమంటే మాటలు కాదు కాబట్టి దానికి మెచ్చుకోవాలి.

తేడా కొట్టింది సోలార్ దగ్గర. మాకు నెట్ మీటరింగ్ ఉంది, గ్రిడ్ నుంచి తీసుకున్న దాంట్లో మేం తిరిగి ఇచ్చింది పోను మిగిలిన యూనిట్లకే బిల్లు వస్తుంది. వీళ్లు డ్రాఫ్ట్‌లో ఆ బిల్లులోంచి సోలార్ ఉత్పత్తిని మళ్లీ తీసేశారు! అడిగితే "సాఫ్ట్‌వేర్ అలా వేసింది సార్" అన్నారు. సరిచేశారనుకోండి, అడక్కపోతే అలాగే అచ్చయిపోయేది. ఏసీ గ్యాస్ ఊసే లేదు, ఆర్-410ఏ ఒక్క కిలో లీకైతే సుమారు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం మరి.

అసలు చిరాకు రాకపోకల గురించి. స్కోప్ 3 (రాకపోకల్లాంటి పరోక్ష ఉద్గారాల లెక్క) దగ్గర "డేటా అందుబాటులో లేదు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మా స్టాఫ్‌లో చాలామంది వైజాగ్ నుంచి వస్తారు. రానుపోను 120 కిలోమీటర్లు అనుకుందాం, లీటరుకు 15 ఇచ్చే పెట్రోల్ కారులో ఒక్కరే వస్తే రోజుకు 8 లీటర్లు, అంటే 18 కిలోల పైనే. మూడు రోజులు తిరిగితే హాస్టల్ మెస్‌లో 19 కిలోల సిలిండర్ ఒకటి కాల్చినంత. సిలిండర్లు ఒక్కోటీ లెక్కపెట్టినవాళ్లకి కారు పార్కింగ్ కనపడలేదా? బొబ్బిలి, చీపురుపల్లి నుంచి రైల్లోనో బస్సులోనో వచ్చే పిల్లల సంగతి ఒక గూగుల్ ఫారం పంపితే అంచనాకైనా వచ్చేది. స్కోప్ 3 తప్పనిసరి కాదు, నిజమే, కానీ మేం అది చూడలేదు అని రాయడం వేరు, డేటా లేదనడం వేరు.

ఇక చెట్లు. మొన్న నాటిన కానుగ మొక్కకీ, ఏళ్లనాటి చింతచెట్టుకీ ఇంత కార్బన్ పీల్చుకుంటుందని ఒకటే అంకె వేసి, ఆ మొత్తాన్ని ఉద్గారాల్లోంచి తీసేసి, "దాదాపు కార్బన్ న్యూట్రల్", అంటే వదిలినంతా పీల్చుకుంటున్నట్టే అని తేల్చేశారు. చెట్ల లెక్క విడిగా చూపించాల్సింది. 2014లో హుద్‌హుద్ తుపానుకి ఇక్కడ చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్లం, పడిన చెట్టు పొయ్యిలోకి వెళ్తే పీల్చుకున్నదంతా మళ్లీ గాల్లోకే. మా మేనేజ్‌మెంట్‌కి మాత్రం రిపోర్టు మొత్తంలో నచ్చింది ఆ పేజీయే.

ఫైలు కోసమే అయితే తీసుకోండి, టైముకి ఇస్తారు, బైండింగ్ కూడా నీట్‌గా ఉంటుంది. నిజంగా తగ్గించుకునే ఉద్దేశం ఉంటే వర్క్ ఆర్డర్‌లోనే రాకపోకలు, ఏసీ గ్యాస్ రాయించుకోండి, ఫార్ములాలతో సహా ఎక్సెల్ షీట్ ఇవ్వాలని కూడా పెట్టండి. మాకు పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చారు, షీట్ అడిగితే పంపిస్తాం సార్ అంటున్నారు, ఇంకా రాలేదు.