డిజిటల్ బెనిన్: చెదిరిపోయిన రాజప్రాసాద సంపదకు ఒక ఉమ్మడి జాబితా

1897 ఫిబ్రవరిలో బ్రిటిష్ సేనలు నేటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని ఆక్రమించి, రాజప్రాసాదంలోని ఇత్తడి, దంతం, కలప, పగడాల వస్తువులను వేల సంఖ్యలో తరలించుకుపోయాయి. ఓబా (రాజు) ఒవొన్‌రామ్వెన్‌ను అదే ఏడాది కలబార్‌కు ప్రవాసం పంపారు. (పొరుగున బెనిన్ పేరుతో ఉన్న దేశం వేరు, ఈ రాజ్యం ఎడో ప్రజలది.) దోచుకున్నవి చేతులు మారి, వేలాల్లో అమ్ముడై, ఖండాల మీదుగా చెల్లాచెదురు కావడంతో, ఏ వస్తువు ఎక్కడుందో చెప్పగల ఆధారం ఒక్కచోట దొరకని స్థితి శతాబ్దానికి పైగా కొనసాగింది. 2022 నవంబరులో ప్రారంభమైన ‘డిజిటల్ బెనిన్’ అనే ఉచిత అంతర్జాల భాండాగారం ఈ లోటును పూరించడానికే పుట్టింది. జర్మనీలోని హాంబుర్గ్‌లో ఉన్న మార్క్ మ్యూజియం కేంద్రంగా, ఎర్నెస్ట్ ఫాన్ సీమెన్స్ కళా ప్రతిష్ఠానం నిధులతో, నైజీరియా పరిశోధకులూ యూరప్, అమెరికా పరిశోధకులూ కలిసి దీన్ని నిర్మించారు. ప్రారంభమైన నాటికే 20 దేశాల్లోని 131 సంస్థలకు చెందిన 5,246 వస్తువుల వివరాలు ఇందులో చేరాయి.

ఈ సేవ విలువ ఆ సంఖ్యలో కంటే, విడిపోయిన వస్తువులను మళ్లీ పక్కపక్కన చూసే వీలు కల్పించడంలోనే ఎక్కువగా ఉంది. రాజమాత ఇడియాదిగా భావించే దంతపు ముసుగునే తీసుకోండి. ఆ కోవకు చెందిన ముసుగులు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనూ, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ, స్టుట్‌గార్ట్, సియాటిల్ నగరాల్లోనూ ఉన్నాయి. లండన్, న్యూయార్క్ ముసుగులు రెండూ ఒకప్పుడు బ్రిటిష్ అధికారి రాల్ఫ్ మూర్ దగ్గర ఉండి, తర్వాత మానవశాస్త్రవేత్త చార్లెస్ సెలిగ్మన్ చేతికి వచ్చి, అక్కడి నుంచి వేర్వేరు దారులు పట్టాయి. 1977లో నైజీరియాలోని లాగోస్‌లో జరిగిన ‘ఫెస్టాక్’ అనే ఆఫ్రికన్ కళా సంస్కృతుల ఉత్సవానికి లండన్‌లోని ముసుగునే చిహ్నంగా ఎంచుకున్నా, దాన్ని అరువుగా ఇవ్వడానికి బ్రిటిష్ మ్యూజియం ఒప్పుకోలేదు. సొంత ఉత్సవ చిహ్నాన్ని కళ్లారా చూసుకునే అవకాశమే లేకపోయిన ప్రజలకు, వాటన్నిటినీ ఒకే జాబితాలో వెదికే సౌకర్యం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

యాజమాన్య చరిత్రకు ప్రత్యేకంగా కేటాయించిన విభాగం పరిశోధకులకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది. వస్తువులను తెచ్చిన సైనికాధికారులు, కొన్న వ్యాపారులు, దానమిచ్చిన కుటుంబాల పేర్లు అందులో కనిపిస్తాయి. డబ్ల్యూ. డి. వెబ్‌స్టర్ వంటి ఒక వ్యాపారి పేరు పట్టుకుని వెళితే, ఒకే మనిషి ద్వారా ఎన్ని మ్యూజియంలు నిండాయో అర్థమవుతుంది. విడివిడి మ్యూజియం జాబితాల్లో ఈ గొలుసు కంటికి కనపడదు. మ్యూజియంలు తమ దగ్గరి పాత పత్రాలను కూడా ఇక్కడ చేర్చడం అందుకే మెచ్చుకోదగినది.

నా దృష్టిలో దీనికి ప్రాణం ఎడో భాషా విభాగం. మ్యూజియం అధికారులు దూరాన కూర్చుని రాసుకున్న వర్ణనలే వందేళ్లకు పైగా ఈ వస్తువులకు పేర్లుగా చెలామణీ అయ్యాయి. ‘ఎయో ఓటో’ అనే ఈ విభాగం వాటికి ఎడో పేర్లను, ఆ పేర్లు పలికే తీరును, వాడుకను, ఆచారాల్లో వాటి స్థానాన్ని అందిస్తుంది. దీనికి తోడుగా ఉన్న ‘ఇటాన్ ఎడో’లో మౌఖిక చరిత్రను రికార్డు చేసి భద్రపరిచారు. బెనిన్ నగరంలోని ఇగున్ వీధిలో పోతపనివారు మైనపు అచ్చు పద్ధతిలో నేటికీ ఇత్తడి పోస్తున్నారు కనుక, ఈ విద్య గతించిన కాలానిది కాదు. చేసేవారి, వాడేవారి మాటను మ్యూజియం చీటీతో సమానంగా నిలబెట్టడం ఇటువంటి భాండాగారాలన్నీ అనుసరించవలసిన పద్ధతి అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పటాల విభాగం కూడా ఉంది; అది చూడముచ్చటగా ఉన్నా, దాన్ని అనుబంధంగా తీసుకుంటే చాలు.

పరిమితులనూ స్పష్టంగా చెప్పాలి. సమాచారమంతా ఆయా మ్యూజియంలు పంపినదే కాబట్టి, నాణ్యత ఒకే స్థాయిలో ఉండదు. ఒక ఇత్తడి ఫలకానికి అనేక కోణాల ఛాయాచిత్రాలు ఉంటే, మరొకదానికి పాత చిత్రం ఒక్కటే ఉండవచ్చు. కాలనిర్ణయాలు చాలావరకు అంచనాలే. చిత్రాల హక్కులు వాటిని ఇచ్చిన సంస్థల వద్దే ఉన్నందున, ప్రచురణకు విడిగా అనుమతి తీసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద ఖాళీ ప్రైవేటు సేకరణలది. ఇడియా ముసుగుల్లో ఒకటి సోథెబీస్ వేలానికి సిద్ధమై, 2010 డిసెంబరులో నిరసనల కారణంగా వెనక్కి వెళ్లింది. అటువంటి వస్తువులు సంస్థల సేకరణలకే పరిమితమైన ఈ జాబితా పరిధిలోకి రావు.

మరో విషయం మీద నాకు రాజీ లేదు: తెర మీద కనిపించే ప్రతిరూపం అసలు వస్తువును తిరిగి ఇవ్వడానికి ప్రత్యామ్నాయం కాదు. 2022లో లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం 72 వస్తువుల యాజమాన్యాన్ని నైజీరియాకు బదిలీ చేసింది. అదే ఏడాది జర్మనీ కూడా తన వంతు మొదలుపెట్టింది. 2025లో నెదర్లాండ్స్ 119 వస్తువులను తిరిగి ఇచ్చింది. 900కు పైగా వస్తువులున్న బ్రిటిష్ మ్యూజియం మాత్రం, తన సేకరణలోని వస్తువులను వదులుకోవడాన్ని పరిమితం చేసే 1963 నాటి చట్టాన్ని చూపుతూ వస్తోంది. ఏది ఎక్కడుందో రుజువుతో చూపే జాబితా ఉన్నప్పుడే ఇటువంటి సంప్రదింపులకు బలం వస్తుంది కనుక, యాజమాన్యం మారిన ప్రతిసారీ ఈ వివరాలను సవరించే పని నిరంతరం సాగాలి. దానికి శాశ్వత నిధులు దొరకాలి.

కొత్తగా వాడేవారు వేల చిత్రాలున్న ప్రధాన జాబితాలోకి నేరుగా దిగకుండా, ఎడో పేర్ల విభాగంలో ఒక రకం వస్తువును ఎంచుకుని, అక్కడి నుంచి ఆ రకం వస్తువులున్న మ్యూజియంలకు వెళ్లడం మేలు. వ్యాసాలు రాసే విద్యార్థులు మ్యూజియం ఇచ్చిన జాబితా సంఖ్యను తప్పక రాసుకుని, ఆ మ్యూజియం సొంత జాబితాతో పోల్చి చూసుకున్నాకే యాజమాన్య వివరాలను ఉటంకించాలి.