ఒకే బొమ్మల పుస్తకం, వరసగా ఐదు రోజులు: కొన్నేళ్ళ వాడకం తరవాత

‘ఫైవ్ ఇన్ ఎ రో’ అనే అమెరికన్ పాఠ్యప్రణాళికను మా పెద్దవాడికి నాలుగేళ్ళు నిండినప్పుడు మొదలుపెట్టి, వాడు రెండో తరగతి వయసుకు వచ్చేదాకా టెక్సస్‌లోని మా ఇంట్లో వాడాం. జేన్ క్లెయిర్ ల్యాంబర్ట్ 1994లో మొదటి సంపుటం తెచ్చినప్పటి నుంచి ఇంటి దగ్గరే చదువు చెప్పుకునేవాళ్ళలో ఇది బాగా తెలిసినదే కనుక దాని స్వరూపమంతా ఇక్కడ వర్ణించను. నేను చెప్పదలచుకున్నది అందులోని ఒక్క నియమం గురించి. ఎంచుకున్న బొమ్మల పుస్తకాన్ని వారంలో ఐదు రోజులు, ప్రతిరోజూ మొదటి పుట నుంచి చివరి పుట దాకా బిగ్గరగా చదవాలి. ఆ తరవాతే ఒక రోజు భూగోళం, ఒక రోజు భాష, ఒక రోజు చిత్రలేఖనం, ఒక రోజు లెక్కలు, ఒక రోజు విజ్ఞానం అన్నట్టు ఆ కథలోంచే ఏదో ఒక పని పుట్టించుకోవాలి. అలా ఒకే పుస్తకాన్ని ఐదుసార్లు చదవడం మీద నాకున్న ఇష్టం ఇన్నేళ్ళలో కొంచెం కూడా తగ్గలేదు. తరవాత వచ్చే పనుల మీద మాత్రం తగ్గింది.

మొదటి రోజున పిల్లవాడి ధ్యాసంతా తరవాత ఏమవుతుందన్నదాని మీదే ఉంటుంది. రెండో రోజుకు ఆ ఆత్రం తీరిపోతుంది కనుక కళ్ళు మెల్లగా బొమ్మల మూలల్లోకి పోతాయి. 1933లో వచ్చిన ‘ద స్టోరీ అబౌట్ పింగ్’ చైనాలోని యాంగ్‌ట్సీ నది మీద ఒక పడవలో బతికే చిన్న బాతు కథ. అందులో మెడకు మెరిసే కడియాలున్న నల్లటి పక్షులు నీళ్ళలో మునిగి చేపలు పట్టి యజమానికి తెచ్చి ఇస్తుంటాయి. మొదటి రోజు మావాడు ఆ కడియాలను గమనించనే లేదు. మూడో రోజు పుట తిప్పబోతుంటే చెయ్యి అడ్డుపెట్టి, ఆ పక్షుల మెడకు గొలుసులెందుకు వేశారని అడిగాడు. అవి నీటికాకులనీ, పట్టిన పెద్ద చేపను అవే మింగేయకుండా ఆ కట్టు వేస్తారనీ, చిన్న చేపలు మాత్రం వాటి గొంతు దిగుతాయనీ చెప్పాను. అది ఏ మార్గదర్శినీ నిర్ణయించిన పాఠం కాదు. వాడు తనకు తాను వెతుక్కున్నది. అలాగే 1939 నాటి ‘మైక్ మలిగన్ అండ్ హిజ్ స్టీమ్ షవెల్’లో, తవ్విన గోతిలోంచి ఆవిరి యంత్రం పైకి రాలేక చిక్కుకున్నప్పుడు ఒక చిన్న కుర్రవాడు ఉపాయం చెబుతాడు. ఆ పుటలో అడుగున చుక్కగుర్తు పెట్టి, ఆ ఉపాయాన్ని రచయిత్రికి నిజంగానే అందించిన ఒక కుర్రవాడికి కృతజ్ఞత చెప్పారు. ఎన్నిసార్లు చదివినా నా కంట పడని ఆ గుర్తును పట్టుకున్నది వాడే. ఒక్కసారి చదివి అలమరలో పెట్టేసిన పుస్తకంలో ఇలాంటివి దొరకవు.

ఈ నియమం విలువ నాకు పూర్తిగా తెలిసింది మా అమ్మ వచ్చినప్పుడు. అమ్మది కొల్లేటి పక్క పల్లె; ఇంగ్లీషు చదవలేదు. ఆరు నెలలు మా దగ్గర ఉందామని వచ్చింది. అది పింగ్ వారం, లెక్కల రోజు. చిన్నదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాల్సి రావడంతో పెద్దవాణ్ణి అమ్మకు అప్పగించి, చదువు రేపు చూసుకుందామని చెప్పి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి హాల్లో నేల మీద కాబూలీ శనగల వరసలున్నాయి. జరిగిందేమిటంటే, “నాకా ఇంగ్లీషు రాదురా నాన్నా, బొమ్మలు చూపిస్తూ నువ్వే చెప్పు” అని అమ్మ అడిగితే, వాడు పుస్తకమంతా తెలుగులో చెప్పాడు. నాతో తెలుగులో రెండు మాటలకు మించి కలిపి మాట్లాడని పిల్లవాడు, అప్పటికే ఆ కథను మూడు రోజులుగా వింటున్నాడు కనుక, ఏ బొమ్మ తరవాత ఏ బొమ్మ వస్తుందో తెలిసి, మాట దొరకని చోట వేలితో చూపిస్తూ, చివరి దాకా లాక్కొచ్చాడు. కథ కోసం తడుముకోవలసిన పని లేకపోవడంతో వాడి ప్రయాసంతా భాష మీదికి మళ్ళిందని నాకనిపిస్తుంది.

పింగ్‌కు అమ్మా నాన్నా కాక ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ముగ్గురు అన్నదమ్ములు, అత్తలూ పిన్నులూ పదకొండు మంది, మామయ్యలూ బాబాయిలూ ఏడుగురు, వాళ్ళ పిల్లలు నలభై ఇద్దరు. శనగలను ఆ వరసల్లో పేర్చి, పింగ్‌తో కలిపి అరవై ఎనిమిదని ఇద్దరూ తేల్చారు. అక్కడితో లెక్క అయిపోవలసింది. “అన్ని బాతులుంటే తెల్లారేసరికి బుట్టెడు గుడ్లుండాలి కదరా, ఈ పడవలో గుడ్లేవీ?” అని అమ్మ అడిగింది. వాడు పుస్తకమంతా మళ్ళీ వెతికాడు. గుడ్డు ఒక్కటి కూడా లేదు. అప్పుడు అమ్మ తమ వైపు బాతుల కాపరుల గురించి చెప్పుకొచ్చింది. వరి కోతలయ్యాక మళ్ళలో రాలిన గింజల కోసం మందలను తోలుకొస్తారని, చీకటి పడితే వల చుట్టూ కట్టి లోపలికి తోలుతారని, బాతులు తెల్లవారుజామునే గుడ్లు పెడతాయి కనుక అవి ఏరుకున్నాకనే మందను బయటికి వదులుతారని చెప్పింది. కథలో పడవ మీది కుర్రవాడు వీపుకు చిన్న పీపా కట్టుకుని నీళ్ళలో తేలుతుంటాడు. ఆ బొమ్మ చూసి, మీ చిన్న తాతయ్యలు ఎండిన సొరబుర్ర నడుముకు కట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నారని కూడా చెప్పిందట. మర్నాటి విజ్ఞాన పాఠం నేను ఆలోచించవలసిన అవసరమే లేకపోయింది: మూత బిగించిన ఖాళీ సీసా ఒకటి, నీళ్ళు నింపింది ఒకటి స్నానాల తొట్టిలో వేసి చూశాం, గోధుమరంగు కాగితపు సంచీ ముక్కకు కొబ్బరినూనె రాసి, దాని మీద నీటిచుక్కలు ఎలా జారిపోతాయో చూసి, బాతు తోక దగ్గరి నూనెగ్రంథి నుంచి ముక్కుతో నూనె తీసి రెక్కలకు పులుముకోవడం గురించి మాట్లాడుకున్నాం. ప్రపంచ పటం మీద చైనా దగ్గర అంటించే గుండ్రటి కథబిళ్ళ ఆ ప్రణాళికతోనే వస్తుంది. కొల్లేటికి బిళ్ళ వాడే గీసి అంటించాడు.

ఇంత చెప్పాక ఒక మాట చేర్చాలి. అలాంటి వారం మాకు ఎప్పుడో గాని రాలేదు. అమ్మ తిరిగి వెళ్ళాక అదే పద్ధతిని వీడియో కాల్‌లో కొనసాగించబోతే, పుటలు కెమెరాకు సరిగ్గా కనబడేలా పట్టుకోవడంలోనే వాడి ఓపిక ఖర్చయిపోయేది, మాకు ఉదయమంటే అక్కడ రాత్రి. నేను చదివి నేనే ప్రశ్నలడిగిన చాలా వారాల్లో నాలుగో రోజు చదువు మామూలుగానే సాగింది.

ఇక చేతిపనుల సంగతి. కథకు సరిపోయే సామగ్రిని నెలనెలా పెట్టెలో పంపే ఒక సంస్థకు కొంతకాలం చందా కట్టాం. దాని పేరు అనవసరం. ముందే కత్తిరించిన ఫోమ్ ముక్కలు, వెనక జిగురు పట్టీలు, ఎక్కడ ఏది అంటించాలో అంకెలు. పిల్లవాడు పావుగంటలో పూర్తి చేసి లేచిపోయేవాడు. ఎవరింట్లో చేసినా ఒక్కలాగే తయారయ్యే ఆ బొమ్మలో వాడిది అనదగినదేదీ ఉండేది కాదు, మర్నాడు పుస్తకం తెరిచినప్పుడు దాన్ని గుర్తుచేసుకునేవాడూ కాదు. అంతర్జాలంలో దొరికే రంగురంగుల అచ్చుకాగితాలను రాత్రిపూట కత్తిరించి ల్యామినేటు చేసే శ్రమదీ ఇదే గతి. మా ఇంట్లో నిలిచినవి శనగలు, తొట్టెడు నీళ్ళు, పిండి, తెల్లకాగితం, గోడమీది పటం. చేతిపనే పిల్లలను కథలోకి లాగుతుందని తరచుగా రాస్తుంటారు. మా అనుభవంలో పదేపదే చదవడం లాగింది. చేతిపని ఆ లాగిన దారిలో వచ్చినప్పుడే పనికొచ్చింది.

చిన్నదాని విషయంలో ఈ ప్రశంస కూడా నిలవదు. దానికి ఐదుసార్లు చదివే నియమం నచ్చలేదు. రెండో రోజే “ఇది అయిపోయిందిగా” అనేది, బలవంతం చేస్తే పుస్తకాన్ని సోఫా వెనక పడేసేది. దానికి రోజుకో కొత్త పుస్తకం చదివి, నచ్చినదాన్ని అదే అడిగినప్పుడు మళ్ళీ చదవడమే కుదిరింది. పుస్తకాల ఎంపిక గురించీ చెప్పుకోవాలి. మేము చదివినవాటిలో చాలామటుకు గత శతాబ్దపు తొలి సగంలో పుట్టినవి. బొమ్మలు గొప్పవే గాని ఆ లోకం పాతది, పింగ్ కథలో ఆలస్యంగా వచ్చిన బాతుకు బెత్తం దెబ్బ పడటం వాడికి చాలా రోజులు మింగుడుపడలేదు. మా పటం మీద యూరప్, అమెరికా బిళ్ళలతో నిండిపోతుంటే భారతదేశం ఖాళీగా ఉండేది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉచితంగా దొరికే తెలుగు కథలు అచ్చు తీసుకునీ, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళ పెట్టెల్లో ‘మంచి పుస్తకం’ అనే సంస్థ ప్రచురణలు తెప్పించుకునీ ఆ ఖాళీ కొంత పూడ్చాం. వాటికి సిద్ధంగా పాఠాల పట్టిక ఉండదు కనుక ఆదివారం సాయంత్రం కూర్చుని ఆలోచించుకోవాలి. తెలుగు పుస్తకాన్ని ఐదు రోజులు చదివిన వారాల్లో వాడికి కొత్త మాటలు బాగా పట్టుబడ్డాయి కనుక ఆ శ్రమ నాకు బరువనిపించలేదు.

దీన్నొక్కదాన్నే నమ్ముకుంటే చదువు పూర్తవుతుందనుకోకూడదు. అక్షరాల ధ్వనులు, కూడికలు, తీసివేతలు క్రమపద్ధతిలో నేర్పడం దీని పని కాదని ప్రణాళికే చెబుతుంది. 1994లో లీపర్ కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇక్కడ ఇంటి బడిని ప్రైవేటు బడిగానే పరిగణిస్తారు. చదవడం, వర్ణక్రమం, వ్యాకరణం, గణితం, మంచి పౌరుడిగా మెలిగే తీరు అనే ఐదు విషయాలు నేర్పాలి. ఆరేళ్ళు నిండాక నిర్బంధ విద్య వయసు మొదలవుతుంది. ఆ వయసు వచ్చాక ఫోనిక్స్‌కు ఒక పుస్తకం, లెక్కలకు ఒక పుస్తకం విడిగా పెట్టుకున్నాం, దాంతో బొమ్మల పుస్తకం పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి జరిగింది. మతపరమైన పాఠాలు ప్రధాన సంపుటంలో కలపకుండా వేరే పుస్తకంగా ఉంచారు కనుక మా వంటివాళ్ళకు ఆ చిక్కు రాలేదు.

ఇదంతా సాగడానికి నాకు ఉద్యోగం చేసే అనుమతి లేని డిపెండెంట్ వీసా ఒక కారణం, నడిచి వెళ్ళగలిగే దూరంలో గ్రంథాలయం ఉండటం ఇంకో కారణం. అనుమతి వచ్చి నేను పనిలో చేరాక పిల్లలిద్దరినీ దగ్గరలోని ప్రభుత్వ బడిలో వేశాం. సంపుటాలు అమ్మలేదు, వేసవి సెలవుల్లో పెద్దవాడు తనంతట తానే ఒక పుస్తకాన్ని ఎంచుకుని వారం పట్టుకుంటాడు. పొద్దున్నే తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్ళే ఇంట్లో ఇది నడుస్తుందని నేను హామీ ఇవ్వలేను. సంపుటం కొనేముందు గ్రంథాలయం నుంచి ఒక్క పుస్తకం తెచ్చి, జిగురూ కత్తెరా ఏమీ లేకుండా ఐదు రోజులు చదివి చూడండి. నాలుగో రోజున పుట తిప్పనివ్వని పిల్లవాడైతే డబ్బు పెట్టవచ్చు, పుస్తకాన్ని సోఫా వెనక పడేసే రకమైతే ఆలోచించుకోవాలి. మా ఇంట్లో రెండు రకాలూ ఉన్నారు కనుక ఇంతకన్నా గట్టిగా చెప్పడం నా వల్ల కాదు.