రిటైరయ్యాక బ్రూవరీలు, వీధి చివర బార్: కొన్నేళ్లు తిరిగాక నా అభిప్రాయం

రిటైరయ్యాక మొదలుపెట్టిన అలవాట్లలో చాలావాటికి ఏడాది తిరక్కుండానే దుమ్ము పట్టింది. బీరు అక్కడే కాచి పోసే చిన్న చిన్న బ్రూవరీలకు, ఇంటికి దగ్గర్లో ఉన్న బార్‌కు వెళ్లిరావడం మాత్రం కొన్నేళ్లుగా ఆగకుండా నడుస్తోంది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: రుచి కావాలంటే బ్రూవరీ, మనుషులు కావాలంటే బార్. రెండింట్లో ఒకటే ఉంచుకోమంటే బార్‌నే ఉంచుకుంటాను, అక్కడి బీరు అంతంతమాత్రమే అయినా సరే.

అన్నిటికంటే ముందు వేళ సంగతి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటి చోట్లకు వెళ్లగలిగింది శుక్ర, శనివారాల రాత్రుళ్లే. ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం 3 గంటలకు వెళ్లొచ్చు. చోటు అదే అయినా రెండు వేళలకూ పోలికే ఉండదు. బ్రూవరీ అంటే సాధారణంగా సిమెంటు నేల, ఎత్తైన పైకప్పు, స్టీలు ట్యాంకులు. మాట ఎక్కడా ఇంకదు, అంతా తిరిగి చెవిలోకే వస్తుంది. వయసు పెరిగేకొద్దీ ముందుగా పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. రద్దీలో ఎదుటివాడి గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మాట మాత్రం అర్థం కాదు. వినికిడి మిషన్ పెట్టుకున్న మిత్రుడొకాయన రాత్రిపూట రావడమే మానేశాడు. అదే మధ్యాహ్నమైతే నలుగురైదుగురు ఉంటారు, నడుముకు ఆనుకునే కుర్చీ దొరుకుతుంది, బీరు కాచే మనిషికి మనతో మాట్లాడే తీరిక ఉంటుంది.

ఆ తీరికే బ్రూవరీలో అసలు సరుకు. ఒకచోట కాచేవాడు నా అరచేతిలో రెండు రకాల గింజలు పోసి నమలమన్నాడు. ఒకటి లేత రంగు మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, కొరికితే బిస్కెట్ తీపి. రెండోది నల్లగా మాడ్చిన బార్లీ, అచ్చం కాఫీ గింజ చేదు. స్టౌట్ అనే నల్ల బీరు నలుపంతా ఆ రెండో గింజదే. రంగు ముదిరితే కిక్కు ఎక్కువనుకునేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఐర్లండ్ స్టౌట్ అయిన నల్లటి డ్రాట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతం, బంగారు రంగులో మెరిసే బెల్జియం బీరు డువెల్‌లో 8.5 శాతం. భయపడాల్సింది ఏ గ్లాసును చూసో దీన్నిబట్టే తెలుస్తుంది.

జర్మన్ పద్ధతి గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది. అందులో పండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. అదంతా బీరును పులియబెట్టే ఈస్ట్ పని. 1516లో ఇప్పటి జర్మనీలోని బవేరియాలో బార్లీ, హాప్స్ (చేదునిచ్చే పూలు), నీళ్లు తప్ప బీరులో ఇంకేమీ వాడొద్దని చట్టం చేసినప్పుడు ఆ ఈస్ట్ పేరే రాయలేదు పాపం.

కొత్త బ్రూవరీకి వెళ్తే నేను మొదట అడిగేది లాగర్, ముఖ్యంగా పిల్స్‌నర్. బీర్లలో రెండు పెద్ద కుటుంబాలు, ఏల్, లాగర్. ఏల్ కాస్త వెచ్చటి చోట కొద్ది రోజుల్లో పులుస్తుంది. లాగర్ చలిలో నెమ్మదిగా పులిసి, ఆ తర్వాత ఇంకొన్ని వారాలు ట్యాంకులోనే పడుండాలి. ఉన్న నాలుగు ట్యాంకుల్లో ఒకటి అన్నాళ్లు ఇరుక్కుపోతే చిన్న వ్యాపారికి నష్టం. అందుకే చాలామంది ఏల్స్ కాచి, హాప్స్ గుప్పించి పని కానిచ్చేస్తారు. హాప్స్ ఘాటు కింద చిన్నాచితకా లోపాలు కనబడవు. 1842లో ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్‌లో పుట్టిన ఆ పలచని బంగారు బీరులో మాత్రం దాచడానికి చోటు లేదు. దాన్ని శుభ్రంగా కాచిన చోట మిగతావన్నీ కళ్లు మూసుకుని తాగొచ్చు.

ఇక ఫిర్యాదులు. బోర్డు మీద పది బీర్లుంటే అందులో ఆరు ఐపీఏలే (హాప్స్ దట్టించిన ఏల్స్). పైగా ఏడు, ఎనిమిది శాతాలు. కొన్నిచోట్ల ఆ శాతం అసలు రాయరు, అడిగితే కౌంటర్‌లో కుర్రాడు లోపలికి వెళ్లి కనుక్కొస్తాడు. మన వయసులో చదవాల్సింది బీరు పేరుకంటే ముందు ఆ అంకె. 5 శాతం బీరు 330 మిల్లీలీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది సుమారు 13 గ్రాముల ఆల్కహాల్. అదే కొలతలో 10 శాతం ఇంపీరియల్ స్టౌట్ అయితే 26 గ్రాములు. వయసుతో ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది కాబట్టి, నలభై ఏళ్లప్పుడు తాగిన గ్లాసే ఇప్పుడు రక్తంలో ఎక్కువ మోతాదుగా తేలుతుంది. నిద్రమాత్రలు, రక్తం పలచబడే మందులు, షుగర్‌కు ఇన్సులిన్ లాంటివి వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా అసలు మొదలుపెట్టొద్దు. మితంగా తాగితే గుండెకు మంచిదని సమర్థించుకునే రోజులు కూడా పోయాయి. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలోనే తేల్చేసింది. ఆరోగ్యం కోసం ఈ అలవాటు చేసుకోకండి. నేనూ అందుకు చేసుకోలేదు.

చిన్న గ్లాసుల్లో నాలుగు రకాలు వరుసగా పెట్టిచ్చే టేస్టర్లు చూడ్డానికి అమాయకంగా ఉంటాయి. ఒక్కోటి 120 మిల్లీలీటర్లనుకున్నా నాలుగూ కలిపితే 480. ఒక చిన్న సీసా కంటే ఎక్కువే లోపలికి పోయినట్టు. నేను రెండే తెప్పించుకుంటాను, పలచనిది ముందు, ఘాటైనది తర్వాత. తిరగేస్తే రెండోదాని రుచి నాలుకకు తెలియనే తెలియదు.

బార్ సంగతికొస్తే, అక్కడ బీరు గురించి ఎవరూ పాఠం చెప్పరు. ఉన్నది ఫ్యాక్టరీ లాగర్, దొరికితే మరో రెండు రకాలు. వాటిలో మంచిది ఎంచుకోవడానికి కూడా కొంచెం చూపు ఉండాలి. గ్లాసు అందగానే లోపలి గోడ చూడండి. బుడగలు గోడకు అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదని లెక్క. శుభ్రమైన గ్లాసులో గుక్క గుక్కకీ నురుగు ఒక్కో వలయంగా మిగులుతూ దిగుతుంది, ఎన్ని గుక్కల్లో తాగామో లెక్కపెట్టుకోవచ్చు. పీపా నుంచి పట్టే డ్రాట్ బీరు గొట్టాలు రెండు వారాలకోసారైనా కడగాలి. పులుపో వెన్న వాసనో తగిలితే నాకు ముందు అనుమానం గొట్టాల మీదే. జనం పలచగా వచ్చే బార్‌లో పీపా రోజుల తరబడి అలాగే ఉండిపోతుంది కాబట్టి అక్కడ సీసానే మేలు, అదీ గోధుమ రంగు సీసా. ఆకుపచ్చ, తెల్ల సీసాల్లోకి వెలుతురు దూరితే హాప్స్‌లోని పదార్థం విరిగి గంధకపు కంపు పుడుతుంది. ఇదంతా గుర్తుండకపోతే "ఇక్కడ ఎక్కువగా ఏది పోతుంది?" అని అడిగి అదే తీసుకోండి, తాజాగా ఉంటుంది.

ఇన్ని లోపాలున్నా బార్‌నే ఎందుకు ఉంచుకుంటానంటే, ఉద్యోగం పోగానే రోజూ మొహం చూసే మనుషులు పోతారు. జీతం ఆగినప్పటికంటే అదే ఎక్కువ తెలిసొచ్చింది నాకు. మధ్యలో జ్వరమొచ్చి కొన్నాళ్లు మానేసి వెళ్తే, కౌంటర్ వెనకాయన గ్లాసు తుడుస్తూనే "ఏమైపోయారు సార్? మీ పక్క కుర్చీ ఆయన రెండుసార్లు అడిగారు" అన్నాడు. ఆ పక్క కుర్చీ ఆయన ఇంటిపేరు నాకు ఇప్పటికీ తెలియదు. బ్రూవరీలో అలా అడిగేవాళ్లు ఉండరు. కుర్రాళ్లు ఆర్నెల్లకో కొత్త మొహం, వచ్చే జనమూ ఎక్కడెక్కడినుంచో వస్తారు. నేను బాగా ఇష్టపడ్డ ఒక బ్రూవరీలో యజమాని మారగానే కుర్చీలన్నీ తీసేసి ఎత్తు స్టూళ్లు వేశారు, వీపు ఆనదు, కాళ్లు నేలకు అందవు. ఇప్పుడు అటు వెళ్లడం లేదు.

ఇష్టపడ్డ చోటు ఎప్పటికీ ఉంటుందన్న నమ్మకమూ తక్కువే. క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీల బీరు, కథను చాలామంది శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీతో మొదలుపెడతారు. మూతపడబోతున్న దాన్ని 1965లో ఫ్రిట్జ్ మేటాగ్ అనే యువకుడు కొని నిలబెట్టాడు. 2023లో అదీ మూతపడింది. 1976లో కాలిఫోర్నియాలోనే మొదలైన న్యూ ఆల్బియన్ అయితే ఆరేళ్లకే పోయింది. నచ్చిన చోటుంటే తర్వాత చూద్దాంలే అనుకోకుండా వెళ్లండి.

బార్‌లో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. నలుగురు కూర్చుంటే ఒకరి తర్వాత ఒకరు అందరికీ తెప్పించడం మొదలెడతారు. మొహమాటానికి పోతే నాలుగో గ్లాసు దాకా లేవలేం. నేను మొదటిరోజే నా బిల్లు వేరు అని చెప్పేశాను. కాస్త నవ్వుకున్నారు, తర్వాత మర్చిపోయారు. రోజూ అదే మోకాళ్ల నొప్పి కథ చెప్పే పెద్దమనిషి కూడా ప్రతి బార్‌లో ఒకడుంటాడు, దానికి మందు లేదు.

రెండో గ్లాసుగా ఈమధ్య ఆల్కహాల్ లేని బీరు తీసుకుంటున్నాను. చాలాచోట్ల అలా పిలిచేది 0.5 శాతానికి మించనివాటిని. కాచిన బీరును తక్కువ ఒత్తిడిలో వేడిచేసి గానీ, సన్నని పొరల గుండా వడగట్టి గానీ ఆల్కహాల్ తీసేస్తారు. లాగర్లలో ఇంకా ఉడికిన గింజల వాసన మిగులుతోంది, హాప్స్ ఎక్కువున్నవి మాత్రం బాగా కుదిరాయి. తాగని భార్యనో మిత్రుణ్నో వెంట తీసుకెళ్లేవాళ్లకు ఇది పెద్ద వరం.

కూర్చునే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోండి, మెట్లు దిగాల్సిన చోటైతే ఒక్క గ్లాసుతో సరి. ఒంట్లో నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచేస్తుంది, చీకటి పడ్డాక తాగితే రాత్రంతా లేవడమే. నేను 6 గంటలకల్లా ఇంట్లో ఉంటాను. బార్‌కు నడకే. బ్రూవరీకైతే బస్సు, కుదరకపోతే క్యాబ్, రెండూ దొరకని రోజు వెళ్లను.