రూ.899 గోడలు, ఉచిత బోరుబావి: బెంగళూరులో డిజిటల్ ఆర్ట్ చూసొచ్చాం

బెంగళూరులో డిజిటల్ ఆర్ట్ షోలు రెండు చూశాం: టికెట్ కొని చూసింది ఒకటి, ఊరికే చూసింది ఒకటి. టికెట్ కొన్నదే దండగ. ఆ కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ముందు దాని సంగతే చెప్తాను.

మా ఆడపడుచు కూతురు అక్కడ యానిమేషన్ చదువుతోంది. "అత్తా, కొత్త ఆర్టిస్టులు పదకొండు మంది కలిసి డిజిటల్ ఆర్ట్ ప్రదర్శన పెట్టారు, మామను కూడా లాక్కురా" అని ఫోన్ చేసింది. మామ అంటే మా ఆయన. అనంతపురంలో టీవీ రిపేరు షాపు. ఇప్పుడు షాపుకి టీవీల కంటే మిక్సీలే ఎక్కువ వస్తాయి. బొమ్మలు చూడటానికి బస్సెక్కడమేంటని ఆయన గొణుగుడు. ఆర్టీసీ సూపర్ లగ్జరీలో వెళ్లాం, ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు.

ఎలాగూ వచ్చారు కదా అని పిల్ల ముందు మమ్మల్ని ఒక మాల్‌కి తీసుకెళ్లింది. నాలుగు గోడల మీద, నేల మీద ప్రొజెక్టర్లతో పాతకాలపు డచ్ చిత్రకారుడు వ్యాన్ గో బొమ్మల్ని కదిలించే షో. మనిషికి రూ.899, ముగ్గురికి రూ.2,697. ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోయింది. రెండు ప్రొజెక్టర్ల వెలుగు కలిసేచోట నిలువునా తెల్లటి చార. ఆ చారకు అటు ఒక చెట్టు, ఇటు అదే చెట్టు. మూలన ఒక ప్రొజెక్టర్ వెలగనే లేదు. అడిగితే అక్కడున్న అబ్బాయి "రేపు టెక్నీషియన్ వస్తాడు మేడమ్" అన్నాడు. మరి ఈ రోజు టికెట్ తగ్గించారా? లేదు. వ్యాన్ గో 1890లోనే పోయాడు, ఆ బొమ్మల మీద ఇప్పుడు ఎవరికీ హక్కుల్లేవు, ప్రొజెక్టర్లుంటే ఎవరైనా వేసుకోవచ్చని పిల్ల చెప్పేసరికి నాకు ఇంకా మండింది. మా ఆయన మాత్రం ఏసీలో కాసేపు హాయిగా కునుకు తీశారు.

ఆ రాత్రి లాడ్జి బాగోతం. మెజెస్టిక్ బస్టాండు వెనక సందుల్లో ఆన్‌లైన్‌లో బుక్ చేసిన గది, రూ.1,400. కౌంటర్ దగ్గర మేనేజర్ మా మాట వినగానే "మనోళ్లేనా అక్కా, మాది కడప" అని కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు. ఆ తీపి మాటల మధ్యే డిపాజిట్ కింద వెయ్యి తీసుకున్నాడు. గదిలో కిటికీ తెరిస్తే పక్క హోటల్ పొగ గొట్టం. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకే. ఆ తర్వాత కావాలంటే బకెట్‌కి రూ.40, అది కూడా మనమే కిందికెళ్లి మోసుకురావాలి. ఆన్‌లైన్‌లో ఇరవై నాలుగు గంటలని రాసుంది. పొద్దున పన్నెండు కాకముందే తలుపు కొట్టి ఖాళీ చేయమన్నారు.

అసలు కథ ఖాళీ చేసేటప్పుడు. వెయ్యికి ఆరు వందలే చేతిలో పెట్టాడు. ఏంటయ్యా అంటే టవల్ మీద కాఫీ మరక. ఆ మరక ఎన్ని ఉతుకులు చూసిందో, అంచులు పసుపు రంగుకి తిరిగి బట్టలో కలిసిపోయుంది. పైగా మేమిద్దరం టీ తాగేవాళ్లం. "ఓనర్ ఒప్పుకోడక్కా, మనోళ్లు కాబట్టి నాలుగొందలతో సరిపెట్టా" అని చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. వేరే భాషలో మోసం చేసుంటే ఇంత ఒళ్లు మండేది కాదేమో. మా ఆయన "పోనీలేవే" అంటారు. ఎందుకు పోనివ్వాలి? రసీదు మీద రాసివ్వమని పట్టుబడితే ఇంకో రెండు వందలు బయటికొచ్చాయి. మీరు మాత్రం మెట్రోలో ఒక స్టేషన్ ముందుకెళ్లి మల్లేశ్వరం వైపు గది చూసుకోండి. మూడు, నాలుగు వందలు ఎక్కువైనా టిఫిన్‌కి కరువుండదు.

ఇక ప్రదర్శన. మెజెస్టిక్ నుంచి మెట్రో పర్పుల్ లైన్‌లో మూడో స్టేషన్ కబ్బన్ పార్క్. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే గ్యాలరీ, ప్రవేశం ఉచితం. ఆటోవాడు రెండొందల యాభై అడిగాడు, ఎక్కొద్దు. లోపల అన్నీ బాగున్నాయని చెప్పను. ఒకాయన పైనుంచి స్పీకర్లు వేలాడదీసి ట్రాఫిక్ హారన్లు వినిపిస్తున్నాడు. ఆ మోత హాలంతా పరుచుకుని మిగతావాళ్ల వీడియోల్లో ఒక్క మాట వినపడనివ్వలేదు. కళ్లకు కట్టుకుని చూసే వీఆర్ హెడ్‌సెట్ దగ్గర పావుగంట క్యూ. నా వంతు వచ్చేసరికి స్పాంజి చెమటతో తడిసుంది, నిమిషంలో కళ్లు తిరిగాయి. మన నీడ పడితే పూలు పూసే గోడ పిల్లల చేతుల్లోంచి బయటికొస్తే కదా.

కానీ చివరి గదిలో ఎనిమిది పాత డబ్బా టీవీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మా ఆయన మొహం మొదటిసారి వెలిగింది. చేసింది కోలార్ కుర్రాడు, తెలుగు చక్కగా మాట్లాడతాడు. ఎండిపోయిన బోర్లలోకి కెమెరా దించి తీసిన వీడియోలవి. మా జిల్లాలోనూ బోరు పోతే ముందు పిలిచేది కెమెరావాణ్నే, కాబట్టి మాకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. తెర మూలన అడుగుల లెక్క తిరుగుతుంటుంది. 180 దగ్గర కేసింగ్ పైపు తుప్పు, 340 దగ్గర రాయి మీద కాస్త తడి మెరుపు. మనసు ఎగురుతుంది. 500, 700, 900, పొడి రాయి, మళ్లీ పొడి రాయి. మా నాన్న మూడో బోరు వేయించినప్పుడు ఆ మెరుపు కోసమే గట్టు మీద తెల్లవార్లూ కూర్చున్నాడు. నేను అక్కడి నుంచి కదలలేకపోయాను.

ఎనిమిదింట్లో ఒకటి ఆరిపోయుంది. లోపల టిక్ టిక్‌మని కొట్టుకుంటోంది. మా ఆయన చెవి పెట్టి విని "లైన్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్టయింది బాబూ, అరవై రూపాయల ముక్క" అన్నారు. కుర్రాడు ఎగిరి గంతేసినంత పని చేశాడు. వీటిని బాగుచేసేవాళ్లు దొరకడమే కష్టమట. టీవీలను కళగా మొదట చూపించినవాళ్లలో కొరియాకి చెందిన నామ్ జూన్ పైక్ ఒకడని, 1963లో జర్మనీలోని వుప్పర్తాల్‌లో ప్రదర్శన పెట్టాడని చెప్పాడు. అదే మనిషి 1988లో కొరియా మ్యూజియంలో 1,003 టీవీలతో గోపురం కట్టాడట. సెట్లు ముసలివై, ప్రమాదమని 2018లో ఆపేసి, బాగుచేసి 2022లో మళ్లీ వెలిగించారు. పిక్చర్ ట్యూబులు దొరక్క 266 చోట్ల ఎల్‌సీడీలు పెట్టాల్సొచ్చిందట. "మిగతా 737 బాగుచేసిన మెకానిక్ ఎవరో చెప్పు, ఆయన్ని చూడాలి" అన్నారు మా ఆయన. వ్యాన్ గోకి నిద్రపోయిన మనిషే.

మర్నాడు లాల్‌బాగ్ అనుకున్నది కాస్తా ఎస్పీ రోడ్డయింది. ఎలక్ట్రానిక్ సామాన్లకి అదే కదా చిరునామా. ట్రాన్సిస్టర్ రూ.55. మధ్యలో ప్యాలెస్ రోడ్డులో జాతీయ ఆధునిక కళా గ్యాలరీ చూశాం. ఒకప్పుడు మాంగనీసు గనుల యజమాని భవంతి అది, 2009 నుంచి గ్యాలరీ. టికెట్ రూ.20, చెట్ల నీడ బోలెడు, సోమవారం సెలవు. డిజిటల్ సంగతులే కావాలనుకునేవాళ్లు బళ్లారి రోడ్డులో 2024లో తెరిచిన సైన్స్ గ్యాలరీకి వెళ్లొచ్చు, అక్కడా ప్రవేశానికి డబ్బు తీసుకోరు. దర్శిని అనే టిఫిన్ హోటల్లో నిలబడి తిన్న చౌచౌ బాత్ రూ.70. ఉప్మా, కేసరి ఒకే ప్లేటులో చూసి మా ఆయన మొహం చిట్లించారు, తర్వాత ఇంకో ప్లేటు చెప్పారు.

గ్యాలరీలో ముక్క మార్చడానికి మేనేజర్ ముందు లెటర్ రాసిమ్మన్నాడు. కుర్రాడే సంతకం పెట్టి, టంకం వేసే ఐరన్ తెచ్చిచ్చాడు. బొమ్మ వచ్చింది, కాకపోతే ఒక మూల పచ్చగా. "డీగాసింగ్ కాయిల్ తిప్పితే పోతుంది" అన్నారు ఈయన, అంటే తెర మీద రంగు మచ్చల్ని పోగొట్టే తీగచుట్ట. "వద్దంకుల్, బోరులో పాచిలా ఉంది, ఉండనీయండి" అన్నాడు వాడు. అనంతపురం వచ్చేదాకా బస్సులో ఇదే పంచాయితీ. రెండు నిమిషాల పనికి అడ్డం పడ్డాడని, వాడికి కళ తెలుసేమో గానీ టీవీ తెలీదని.